జవాబు బాకీ లేని వేళ



మాస్టారి పేరిట జరిగే ఈ ఏటి స్మారకోపన్యాసానికి ఏ విషయం ఎంచుకున్నారని నిర్వాహకులు అడిగారు. ఫోను కట్టేసి కాసేపు ఊరికే కూర్చోవాలన్న కోరిక గురించి మాట్లాడతానన్నాను. "బాగుందండీ, కానీ మాస్టారికీ దానికీ సంబంధం ఏముంది?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబుతోనే మొదలుపెడతాను. మన మాస్టారు మోర్స్ మీట మీద ఉద్యోగం మొదలుపెట్టి టెలిప్రింటర్ మీద రిటైరైన తంతి ఉద్యోగి. ఏనాడూ బడిలో పాఠం చెప్పలేదు. అయినా ఊరంతా 'తంతి మాస్టారు' అనే పిలిచేది. ఒకరి కబురు మరొకరి ఇంట్లోకి ఏ వేళ జొరబడవచ్చో, అందుకు ఎవరు ఎంత చెల్లించాలో లెక్కకట్టడమే ఆయన బతుకంతా చేసిన పని. ఈవేళ నేను మాట్లాడబోయేదీ ఆ లెక్క గురించే.

మీలో యాభై దాటినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తంతికి మాటకింత అని రుసుము. చిరునామాలో ఉన్న మాటలకూ కట్టాల్సిందే. అందుకని ఎంత పెద్ద సంగతైనా నాలుగైదు ఇంగ్లీషు ముక్కల్లోకి కుదించుకుని కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్ళు. కుదించడం చేతకానివాళ్ళకు మాస్టారే కుదించిపెట్టేవారు. ఎక్స్‌ప్రెస్ తంతి కావాలంటే రెట్టింపు. పండక్కీ పెళ్ళికీ శుభాకాంక్షలు చెప్పాలంటే ముందే తయారుచేసిన వాక్యాలు ఉండేవి, ఒక్కోదానికి ఒక్కో అంకె. అంకె చెబితే చాలు, అవతలి ఆఫీసులో వాక్యం రాసి అందించేవారు. చావుకబురు మిగతావాటికంటే ముందు వెళ్ళేది. తంతి మనిషి సైకిలు వీధి మలుపు తిరిగిందంటే ఆడవాళ్ళు గుండె చిక్కబట్టుకుని వాకిట్లోకి వచ్చేవాళ్ళు, ఎవరింటికోనని. ఇంగ్లీషు వచ్చినవాడు ఆ ఇంట్లో లేకపోతే తంతి మనిషే చదివి చెప్పేవాడు. ఏడుపులు మొదలైతే వెంటనే సైకిలెక్కలేక అరుగు మీద కాసేపు కూర్చునేవాడు. మాస్టారు దీన్ని కూడా డ్యూటీ కిందే లెక్కవేయాలని పై అధికారులతో వాదించారని ఆయన సహోద్యోగులు చెప్పగా విన్నాను.

ట్రంకు కాలు సంగతీ అంతే. బుక్ చేసి గంటలకొద్దీ కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని తరగతులు. లైట్నింగ్ కాలుకు మామూలు రేటుకి ఎనిమిది రెట్లు. ఆ తర్వాత ఎస్టీడీ బూతులు వచ్చాయి. రాత్రి పొద్దుపోయాక పావు రేటని, అన్నం తిని ఊరంతా బూతు ముందు వరసకట్టేది. లోపల మాట్లాడుతున్నవాడి సంసారమంతా బయటున్న మనకు వినపడేది.

అవి బంగారు రోజులని నేను అనను. కబురు సకాలంలో అందక కన్నతండ్రి ఆఖరి చూపు దక్కనివాళ్ళు ఈ సభలోనే ఉంటారు. అయితే ఆ ఏర్పాటులో మనం గమనించని న్యాయం ఒకటుంది. ఎదుటివాడి పనో నిద్రో పాడుచేయాలంటే పంపేవాడు ముందు తన జేబులో చెయ్యి పెట్టాలి. ఎంత తొందరైతే అంత ఖర్చు. దాంతో నిజంగా తొందరేనా అని కౌంటరు దగ్గర ప్రతివాడూ తనను తాను ఓసారి అడుక్కునేవాడు.

2013 జూలై 15న తంతి సేవ మూతపడింది. మూడేళ్ళు తిరిగాక, 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. డేటా చవకైపోయింది. ఒక మెసేజి పంపినా వంద పంపినా, ఒకరికి పంపినా ఐదొందల మంది గ్రూపుకి పంపినా పంపేవాడికి పైసా తేడా లేదు. మరి ఆ పాత రుసుము ఏమైంది? ఆవిరైపోలేదు. కౌంటరుకి ఇవతలి వైపు నుంచి అవతలి వైపుకి జరిగింది. ఇప్పుడు దాన్ని అందుకునేవాడు కడుతున్నాడు, డబ్బు రూపంలో కాక ధ్యాస రూపంలో. ఆర్థికశాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే ఈ సంగతి పసిగట్టాడు. సమాచారం పుష్కలమయ్యేకొద్దీ దాన్ని అందుకునే మనిషి ధ్యాసకు కరువొస్తుందని ఆయన వాదన. అప్పటికి సెల్‌ఫోను పుట్టనే లేదు.

ఇంకో మార్పు 2014 నవంబరులో వచ్చింది. వాట్సాప్‌లో నీలం టిక్కులు మొదలయ్యాయి. చిన్న సంగతిలా కనిపిస్తుంది, నా దృష్టిలో మాత్రం జియో కంటే పెద్దది. అంతవరకూ మనకు 'మీ ఉత్తరం అందలేదండీ' అనే ఒక మర్యాదైన అబద్ధం ఉండేది. తపాలా శాఖ ఆ నింద మోసినన్నాళ్ళు బంధుత్వాలు క్షేమంగా ఉన్నాయి. నీలం టిక్కు ఆ అబద్ధాన్ని చంపేసింది. అందిందని తెలుసు, చదివావని తెలుసు, ఏ నిమిషంలో చదివావో కూడా తెలుసు. ఇక జవాబు ఇవ్వకపోతే బాకీ పడ్డట్టే. టిక్కులు దాచుకునే వీలు తర్వాత ఇచ్చారనుకోండి. దాచుకున్నవాణ్ణి చుట్టాలు ఏమంటారో మీకు తెలుసు.

ఫోనులో మనల్ని కట్టిపడేసే మాయల గురించి మీరు చాలా వినే ఉంటారు, కాబట్టి తొందరగా దాటేస్తాను. వేలితో ఎంత జరిపినా పేజీ అడుగు తగలకుండా చేసే పద్ధతిని 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించాడు. తర్వాతి రోజుల్లో అందుకు బహిరంగంగానే బాధపడ్డాడు. ఎప్పుడు గింజ పడుతుందో తెలియనప్పుడే పావురం ఎక్కువసార్లు మీట పొడుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ప్రయోగాలు తేల్చాయి. ఇవన్నీ నిజాలే. కానీ మనం ఫోను వదల్లేకపోవడానికి ఇదే అసలు కారణమని నేను నమ్మను. రీల్సు చూడటం మానేసినవాళ్ళు కూడా ఫోను వదలడం లేదు. వాళ్ళను పట్టుకున్నది సరదా కాదు, బాకీ. బాసుకి, పిల్లల బడి గ్రూపుకి, అపార్ట్‌మెంట్ గ్రూపుకి, పొద్దున్నే పువ్వు బొమ్మ పంపే బాబాయికి జవాబు బాకీ.

అందుకే ఒంటరిగా పారిపోయే ప్రయత్నాలు ఎక్కువ దూరం సాగవు. హైదరాబాదు వనస్థలిపురం దాటాక సాగర్ రోడ్డులో కుసుమనగర్ దగ్గర విపశ్యన ధ్యాన కేంద్రం ఉంది. పది రోజుల శిబిరం. విపశ్యన గురువు గోయెంకా గారు ఇగత్‌పురిలో స్థిరపరచిన పద్ధతే ఇక్కడా. వెళ్ళగానే ఫోను అప్పగించాలి. పుస్తకం, కలం కూడా ఉండకూడదు. పదో రోజు ఉదయం దాకా మౌనం. రుసుము లేదు, ఇవ్వగలిగినవాళ్ళు ఆఖర్న విరాళం ఇస్తారు. దాని మీద నాకు గౌరవం ఉంది. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు సెలవులు కూడబెట్టుకుని అక్కడికి వెళ్ళడం చూస్తే వాళ్ళ దాహం ఎంతటిదో తెలుస్తుంది. చిక్కంతా పదకొండో రోజుది. కార్యాలయంలో ఫోను తీసుకుని ఆన్ చేయగానే పది రోజుల బాకీ వడ్డీతో సహా మోగుతుంది. మనిషి మౌనంలో ఉన్నాడు గానీ, అతని చుట్టూ ఉన్న ఏర్పాటు మౌనంలో లేదు. ఇక కొండల్లో రిసార్టులు 'నో నెట్‌వర్క్' అని చెప్పి ఎక్కువ అద్దె గుంజుతున్నాయి. సిగ్నల్ లేకపోవడం మా ఏజెన్సీ గ్రామాల్లో కష్టం, ఆ రిసార్టుల్లో వైభోగం.

మౌనాన్ని నిలబెట్టుకున్నవాళ్ళు ఎలా నిలబెట్టుకున్నారో చూద్దాం. గాంధీగారి సోమవారపు మౌనం మీ అందరికీ తెలుసు. 1947 జూన్ 2 సోమవారం. దేశాన్ని చీల్చే ప్రణాళికను మౌంట్‌బాటెన్ నాయకుల ముందు పెట్టిన రోజు. ఆ రోజే గాంధీ వైస్రాయిని కలిశారు, నోరు విప్పలేదు. వాడిపారేసిన కవర్ల వెనక పెన్సిలుతో రాసి ఇచ్చారు. ఆ రాతలో నన్ను ఆకట్టుకునేది రాజకీయం కాదు. ఈ మౌనవ్రతం పట్టినప్పుడే రెండు మినహాయింపులు పెట్టుకున్నానని ఆయన రాశారు: అత్యవసర విషయాల్లో ఉన్నతాధికారులతో మాట్లాడవచ్చు, రోగులకు సాయం చేసేటప్పుడు మాట్లాడవచ్చు. నేను మౌనం వీడటం మీకూ ఇష్టం ఉండదని నాకు తెలుసులెండి అని ఒక చురక కూడా. నవ్వుకోవచ్చు గానీ ఏర్పాటు చూడండి. ఏ రోజు మాట్లాడరో లోకానికి ముందే తెలుసు. మినహాయింపులు ముందే రాసిపెట్టి ఉన్నాయి. అందుకని సోమవారం నాడు ఆయన జవాబివ్వలేదని ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

నిష్ఠ గల యూదుల విశ్రాంతి దినమూ అంతే. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడేదాకా స్విచ్చి వేయరు, ఫోను ముట్టరు. ప్రాణం మీదికొస్తే మాత్రం ఆ నియమాలు పక్కకు తప్పుకోవాలన్నది వాళ్ళ ధర్మంలోనే ఉంది. బాలి ద్వీపంలో న్యేపి పండగ నాడు రోజంతా నిశ్శబ్దం పాటిస్తారు, విమానాశ్రయం కూడా మూస్తారు. 2018 నుంచి ఆ రోజు మొబైల్ ఇంటర్నెట్టూ ఆపేస్తున్నారు. మనదగ్గర అమావాస్య ఉండేది. ఆ రోజు అరక కట్టరు, తాపీ మేస్త్రి పనిలోకి రాడు. రాలేదని ఎవరూ కోప్పడరు, ఎందుకంటే పక్క ఊరి మేస్త్రీ రాడు. శకునాన్ని నమ్మినా నమ్మకపోయినా, నెలకొక రోజు కూలివాడికి అడక్కుండానే సెలవు దొరికేది.

ఈ పద్ధతిని ఫోనుకి అన్వయించిన ఊరు ఒకటుంది. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచె వడగావ్. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ పాఠాలకని ఫోన్లు పట్టిన పిల్లలు బళ్ళు తెరిచాక కూడా వాటిని వదల్లేదు. 2022 స్వాతంత్ర్య దినం ముందు రోజున గ్రామసభ కూర్చుని ఒక తీర్మానం చేసింది. సాయంత్రం ఏడింటికి గుడి మీది సైరన్ మోగుతుంది. ఎనిమిదిన్నర దాకా ప్రతి ఇంట్లో టీవీ, ఫోను కట్టేయాలి. ఆ గంటన్నరా పిల్లలు చదువుకుంటారు, పెద్దలు మాట్లాడుకుంటారు. మొదట్లో వెక్కిరించినవాళ్ళు లేకపోలేదు. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, రిటైరైన టీచర్లు ఇల్లిల్లూ తిరిగి నచ్చజెప్పారు. ఒక్క ఇల్లు ఫోను కట్టేస్తే ఆ ఇంటి పిల్లవాడు పక్కింటి గుమ్మంలో నిలబడతాడు. ఊరంతా కట్టేస్తే నిలబడటానికి గుమ్మం లేదు. ఆ గంటన్నరలో ఎవరూ ఏదీ పోగొట్టుకోరు, అవతల పంపేవాడూ ఉండడు కాబట్టి.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 2019లో గుజరాత్ బనాస్‌కాంఠా జిల్లాలో ఒక కులం పెద్దలు పన్నెండు ఊళ్ళలో పెళ్ళికాని ఆడపిల్లలు మొబైల్ వాడకూడదని తీర్మానించారు. అదీ ఊరంతా కలిసి చేసుకున్న కట్టుబాటే! మన ఇళ్ళల్లో ఫోను మానిపించాలన్న ఉత్సాహం ముందుగా ఎవరి చేతిలో ఫోను మీద పడుతుందో గమనించండి. కోడలిది, కూతురిది. ఇంటి పెద్ద మాత్రం సోఫాలో కూర్చుని వార్తల చర్చలు వింటూనే ఉంటాడు. అలాగే భీమవరంలో ఒంటరిగా ఉంటూ డల్లాస్‌లో ఉన్న కొడుకు వీడియో కాలు కోసం తెల్లవారుజామున లేచి కూర్చునే తల్లికి ఫోను పక్కన పెట్టమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. సైగలతో మాట్లాడుకునే బధిరులకు ఆ వీడియో తెర జీవితంలో మొదటిసారి దొరికిన టెలిఫోను. నేను అడుగుతున్నది వాళ్ళ ఫోను లాక్కోమని కాదు.

ఉద్యోగాల సంగతికి వద్దాం. మాస్టారికి మనసున్నది ఇక్కడే. 1968 సెప్టెంబరు 19న కేంద్ర ప్రభుత్వోద్యోగులు ఒక్కరోజు సమ్మె చేసినప్పుడు ఉద్యోగం పోయినా సరేనని అందులోకి దిగిన మనిషి ఆయన. డ్యూటీ దిగాక మనిషి తనవాడు అనేది ఆయన పట్టుదల.

ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుంచి, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు పనివేళల తర్వాతి మెసేజీల గురించి సిబ్బందితో చర్చించి పద్ధతి ఏర్పరచుకోవాలి. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి, పనివేళల తర్వాత యజమాని పంపింది చూడకుండా, జవాబివ్వకుండా ఉండే హక్కు ఉద్యోగికి చట్టం ఇచ్చింది, ఆ నిరాకరణ అసమంజసం కానంతవరకు. ఏడాది తర్వాత చిన్న సంస్థలకూ వర్తించింది. మన లోక్‌సభలో సుప్రియా సూలే ఇలాంటి బిల్లు 2018లో ఒకసారి, మళ్ళీ 2025లో ప్రైవేటు సభ్యుల బిల్లుగా పెట్టారు. స్వతంత్ర భారతంలో ఇప్పటిదాకా చట్టమైన ప్రైవేటు సభ్యుల బిల్లులు 14 మాత్రమే, ఆఖరిది 1970 నాటిది. కాబట్టి పార్లమెంటు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దని నా సలహా. చట్టం వచ్చినా చిక్కులుంటాయి. కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిదంటే హైదరాబాదులో వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. పనివేళ ఎవరి గడియారం ప్రకారం? పగలంతా ఇక్కడి ఆఫీసుకీ, రాత్రి అక్కడి క్లయింటుకీ జవాబు చెప్పే కుర్రాడికి ముందు ఆ ప్రశ్నకు సమాధానం కావాలి.

సాఫ్ట్‌వేర్ వాళ్ళ గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అంగన్‌వాడీ టీచరు గురించి తక్కువ. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది. పిల్లల బరువు, ఎత్తు, హాజరు అన్నీ అందులో ఎక్కించాలి. ఇంటికిచ్చే సరుకులకు 2025లో లబ్ధిదారు ముఖాన్ని గుర్తించే పనీ చేరింది. సర్వరు పగలు మొరాయిస్తే రాత్రి ఎక్కించాలి. పిల్లలు పరిగెడుతుంటే ఆమె కళ్ళు తెరకు అంటుకుని ఉంటాయి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి రోజుకి రెండుసార్లు ఫొటో హాజరు తప్పనిసరి చేశారు. సిగ్నల్ అందని గుట్ట మీద పనిచేసిన కూలికి, ఒళ్ళు వంచి తవ్విన మన్ను కంటే ఫొటో ఎక్కిందా లేదా అన్నదే ముఖ్యమైపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ మీద ఉపాధ్యాయ సంఘాలు గొడవపడ్డాయి. వీళ్ళెవరికీ పది రోజుల శిబిరం కుదరదు, కొండ మీది రిసార్టు అందదు. 2021లో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు ఒక పని చేశారు. ప్రభుత్వమిచ్చిన నాసిరకం ఫోన్లను వేలసంఖ్యలో తిరిగి అప్పగించేశారు. ఫోను వదిలించుకోవడం గురించి నేను విన్నవాటిలో నాకు అన్నిటికంటే నచ్చినది అదే. అందులో ధ్యానం లేదు, వైరాగ్యం లేదు. పని మాది, పనిముట్టు సరిగ్గా ఇవ్వాల్సింది మీరు అన్న మాట ఉంది.

కాబట్టి నా తీర్పు ఇది. ఫోను నుంచి కాస్త విరామం కావాలన్న కోరికను మనోనిబ్బరానికి పెట్టిన పరీక్షగా చూసినంతకాలం మనం ఒక్కొక్కరుగా ఓడిపోతూనే ఉంటాం, ఓడినందుకు సిగ్గుపడుతూ కూడా ఉంటాం. అది పనివేళల తగాదా, మర్యాదల ఒప్పందం. రుసుము మళ్ళీ పంపేవాడి వైపుకి జరగాలి. ఆ పని మనిషి ఒంటరిగా చేయలేడు. సంఘం చేయగలదు.

ఈ హాల్లో ఉపాధ్యాయ సంఘం నాయకులున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు, రెండు మూడు అపార్ట్‌మెంట్ల కార్యదర్శులున్నారు, వార్డు సభ్యులున్నారు. మీకు ఒక్క విన్నపం. వచ్చే నెల మీ సమావేశంలో ఒక అంశం చేర్చండి. సాయంత్రం ఏ వేళ నుంచి పొద్దున ఏ వేళ దాకా మీలో ఎవరూ ఎవరికీ జవాబు బాకీ లేరో తేల్చి, తీర్మానం రాయండి. మినహాయింపులు కూడా అప్పుడే రాయండి: ఆసుపత్రి, చావు, ప్రయాణంలో ఉన్న పిల్లలు, ఇంకా మీకు తోచినవి. ఆ వేళలో మొదట ఫోను పక్కన పెట్టాల్సింది పై అధికారి, ఇంట్లో అయితే ఇంటి పెద్ద అని కూడా అందులో ఉండాలి. ఆ తీర్మానాల ప్రతులను ఈ స్మారక సంఘానికి పంపండి. వచ్చే ఏడు ఉపన్యాసానికి ముందు వాటిని చదివి వినిపించమని నిర్వాహకులను కోరుతున్నాను. పోస్టులో పంపినా చాలు, తొందరేమీ లేదు.